రీడింగ్ పచ్చగానే ఉంది, బేరింగ్ మాత్రం గరగరమంటోంది: ఏది నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: పంపును తిప్పే చిన్న మోటారు, నేమ్‌ప్లేట్ మీద 1440 ఆర్‌పీఎం, రెండు వైపులా 6205 బాల్ బేరింగ్‌లు. వైబ్రేషన్ పెన్ను పెడితే 1.4 మి.మీ./సె. అని పచ్చ లైటు వెలుగుతోంది. డ్రైవ్ ఎండ్‌లో, అంటే పంపుకు కలిసే వైపు, గరగర వినిపిస్తోంది, మార్చేద్దామని ఫిట్టర్ అంటున్నారు. ఇంకొకరు అనలైజర్ తెచ్చి ఎన్వలప్ స్పెక్ట్రం (దెబ్బలు సెకనుకు ఎన్నిసార్లు పడుతున్నాయో చూపించే పటం) తీస్తే 85 హెర్ట్జ్ దగ్గర ఒక పీక్, 170, 255 దగ్గర ఇంకా చిన్నవి కనిపించాయి. ఎవరిని నమ్మాలి, ఇంకెన్నాళ్లు నడుస్తుంది అని అడిగారు.

ఫిట్టర్ చెప్పింది నిజమే అనిపిస్తోంది. ఔటర్ రేస్ (బేరింగ్ బయటి రింగు) మీద పెచ్చు లేవడం మొదలైంది. అలాగని పెన్ను తప్పు చూపిస్తోందని కాదు. అది కొలిచేది మోటారు మొత్తం ఎంత ఊగుతోందన్నది. బేరింగ్ ఆరోగ్యం దాని లెక్కలోకి దాదాపు రాదు.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మామూలు పెన్నులు 10 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య వెలాసిటీ ఆర్‌ఎంఎస్ (కంపన వేగానికి ఒక రకం సగటు) చూపిస్తాయి. ఐఎస్‌ఓ 10816 పట్టికలు (ఇప్పుడు వాటి స్థానంలో 20816 వచ్చింది) కూడా ఈ కొలత మీదే ఉన్నాయి. 15 కిలోవాట్ల లోపు చిన్న మోటార్లకు ఆ పాత పట్టికలో 1.8 దాకా పరవాలేదు, 4.5 దాటితే ప్రమాదం. ఆ లెక్కన మీ 1.4 బాగానే ఉంది. అన్‌బ్యాలెన్స్, అలైన్‌మెంట్ తేడా, పునాది బోల్టు వదులవడం లాంటివి పట్టుకోవడానికి ఆ కొలత చక్కగా పనికొస్తుంది. బేరింగ్ సంగతి వేరు. చిన్న గుంట మీదుగా బాల్ వెళ్లినప్పుడు పుట్టే దెబ్బ మిల్లీసెకన్ కూడా ఉండదు. దాని శక్తి అంతా కొన్ని వేల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వెలాసిటీలోకి మార్చినప్పుడు ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ విలువ చిన్నదైపోతుంది. అంకెల్లో చూడండి. మీ మోటారు తిరిగే 24 హెర్ట్జ్ దగ్గర 1.4 మి.మీ./సె. అంటే యాక్సిలరేషన్‌లో సుమారు 0.02 జీ (జీ అంటే భూమి గురుత్వ త్వరణం) మాత్రమే. అదే 5000 హెర్ట్జ్ దగ్గర నిండా 1 జీ దెబ్బలు పడుతున్నా వెలాసిటీలో అది 0.3 మి.మీ./సె. పైగా 1000 హెర్ట్జ్ దాటింది కాబట్టి పెన్ను ఆ కాస్తను కూడా లెక్కలోకి తీసుకోదు. బేరింగ్ పాడవడం వెలాసిటీ మొత్తం రీడింగ్‌లో కనిపించే రోజుకు అది ఆఖరి దశకు దగ్గరపడి ఉంటుంది. ఉష్ణోగ్రత కూడా అంతే, చాలా ఆలస్యంగా చెబుతుంది. చేత్తో పట్టుకుంటే కాలుతోందంటే విశ్లేషణకు టైమ్ దాటిపోయినట్టే.

ఇక 85 హెర్ట్జ్ సంగతి. బాల్ బేరింగ్‌లో నాలుగు ఫ్రీక్వెన్సీలు చూస్తాం: ఔటర్ రేస్ మీద లోపం ఉంటే బీపీఎఫ్‌ఓ, ఇన్నర్ రేస్ మీద ఉంటే బీపీఎఫ్‌ఐ, బాల్ మీద ఉంటే బీఎస్‌ఎఫ్, కేజ్‌కి (బాల్స్‌ను విడివిడిగా పట్టి ఉంచే చట్రానికి) ఎఫ్‌టీఎఫ్. 6205లో సాధారణంగా 9 బాల్స్, ఒక్కో బాల్ వ్యాసం 7.94 మి.మీ., పిచ్ వ్యాసం (బాల్స్ కేంద్రాల గుండా పోయే వృత్తం వ్యాసం) 39.04 మి.మీ. బాల్ వ్యాసాన్ని పిచ్ వ్యాసంతో భాగిస్తే 0.203. దాన్ని 1లోంచి తీసేసి, బాల్స్ సంఖ్యలో సగం అంటే 4.5తో గుణిస్తే 3.58 వస్తుంది. షాఫ్ట్ ఒక్క చుట్టు తిరిగేసరికి ఔటర్ రేస్ మీది గుంటను అన్నిసార్లు బాల్స్ దాటుతాయి. తీసేయకుండా కలిపితే 5.42, అది ఇన్నర్ రేస్‌ది. రెండూ కలిపితే సరిగ్గా 9, అంటే బాల్స్ సంఖ్య. లెక్క తప్పిందో లేదో చూసుకోవడానికి ఇది మంచి గుర్తు. కేజ్‌ది 0.398, బాల్‌ది 2.36. మీ మోటారు 24 హెర్ట్జ్‌తో తిరుగుతోందనుకుంటే బీపీఎఫ్‌ఓ 86, బీపీఎఫ్‌ఐ 130, బాల్‌ది 56.6, కేజ్‌ది 9.6 హెర్ట్జ్. కొలతలు దొరకని బేరింగ్ అయితే బాల్స్ సంఖ్యను 0.4తో గుణించి ఔటర్‌కి, 0.6తో గుణించి ఇన్నర్‌కి ఉజ్జాయింపుగా తీసుకోవచ్చు. తొమ్మిదికి 3.6, 5.4 వస్తాయి, పెద్ద తేడా లేదు కదా.

మీకు వచ్చింది 85, లెక్కలో 86. ఈ తేడాకు కంగారు పడక్కర్లేదు. బాల్స్ రేస్ మీద పూర్తిగా దొర్లవు, కాస్త జారతాయి కూడా. అందుకే 1 నుంచి 2 శాతం తేడా మామూలే. అసలు వేగం కూడా చూసుకోండి. నేమ్‌ప్లేట్‌లోని 1440 పూర్తి లోడు మీద ఉండే వేగం. లోడు తక్కువగా ఉంటే మోటారు ఇంకాస్త వేగంగా తిరుగుతుంది. 1470 అయితే బీపీఎఫ్‌ఓ 88కి చేరుతుంది. స్పెక్ట్రంలో 1ఎక్స్ పీక్ (షాఫ్ట్ తిరిగే వేగం దగ్గర వచ్చేది) ఎక్కడుందో చూసి దాన్నే ఆధారంగా తీసుకోండి, నేమ్‌ప్లేట్‌ను కాదు.

ఇంకో విషయం, దీన్ని చాలామంది మరచిపోతారు. 6205 అన్న నంబరు లోపలి రంధ్రం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మి.మీ. అని మాత్రమే చెబుతుంది. లోపల ఎన్ని బాల్స్, ఎంత సైజు అన్నది తయారీదారు ఇష్టం. పైన ఇచ్చిన కొలతలు సాధారణంగా కనిపించేవే, అయినా మీ బేరింగ్ తయారు చేసినవారి కేటలాగ్‌లో సరిచూసుకోండి.

85 పీక్ బేరింగ్‌దే అని చెప్పడానికి నాకు బలమైన ఆధారం లెక్క సరిపోవడం ఒక్కటే కాదు. 24కి మూడింతలు 72, నాలుగింతలు 96. ఈ రెండింటి మధ్య 85 ఎక్కడా షాఫ్ట్ వేగానికి పూర్ణ గుణిజం కాదు. అన్‌బ్యాలెన్స్, మిస్‌అలైన్‌మెంట్, ఇంపెల్లర్ రెక్కల ఫ్రీక్వెన్సీ అన్నీ పూర్ణ గుణిజాల దగ్గరే వస్తాయి. ఇంపెల్లర్‌కు అయిదు రెక్కలుంటే 120 దగ్గర పీక్ వస్తుంది, అది పంపు తీరే తప్ప లోపం కాదు. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే మోటారులో 100 హెర్ట్జ్ దగ్గర కరెంటు వల్ల వచ్చే పీక్ ఉంటుంది. దాన్ని బేరింగ్ అనుకొని మార్చేసినవాళ్లు ఉన్నారు. పూర్ణ గుణిజం కాని పీక్, దానికి రెండింతలు, మూడింతల దగ్గర వరుసగా హార్మోనిక్స్ ఉంటే ముందుగా బేరింగ్‌ను అనుమానించాలి. మీ పటంలో సరిగ్గా అదే ఉంది.

పీక్ చుట్టూ సైడ్‌బ్యాండ్‌లు (అటూ ఇటూ సమాన దూరంలో వచ్చే చిన్న పీక్‌లు) ఉన్నాయా అన్నది మీరు రాయలేదు. పటం మళ్లీ తెరిచి చూడండి. ఔటర్ రేస్ కదలదు. దాని మీది గుంట లోడు పడే చోటే ఉంటుంది కాబట్టి ప్రతి దెబ్బ ఇంచుమించు ఒకే బలంతో పడుతుంది. అందుకే పీక్‌లు శుభ్రంగా, ఒంటరిగా కనిపిస్తాయి. ఇన్నర్ రేస్ మీది గుంట షాఫ్ట్‌తో పాటు తిరుగుతూ లోడు ఉన్న చోటికి వెళ్లి వస్తుంటుంది. దెబ్బ బలం చుట్టుకొకసారి పెరిగి తగ్గుతుంది, అందుకే బీపీఎఫ్‌ఐకి అటూ ఇటూ 24 హెర్ట్జ్ దూరంలో సైడ్‌బ్యాండ్‌లు వస్తాయి. బాల్ మీద లోపమైతే సైడ్‌బ్యాండ్‌ల దూరం కేజ్ ఫ్రీక్వెన్సీ, మీ మోటారులో 9.6. బాల్ ఒకసారి దొర్లితే దాని మీది గుంట రెండు రేసులనూ తాకుతుంది కాబట్టి 56.6 కంటే దాని రెండింతలు 113 దగ్గరే పీక్ గట్టిగా ఉంటుంది. బాల్ దిక్కు మార్చుకుంటూ తిరుగుతుంది కాబట్టి ఈ సంకేతం ఒకసారి కనిపించి ఇంకోసారి మాయమవుతుంది. ఒక్క రీడింగ్‌తో తీర్పు ఇవ్వకండి.

తీవ్రత అంచనా వేసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. ఔటర్ రేస్ దెబ్బ హౌసింగ్ గుండా నేరుగా సెన్సర్‌కు చేరుతుంది. ఇన్నర్ రేస్ దెబ్బ బాల్స్ దాటి, గ్రీజు పొర దాటి, ఔటర్ రేస్ దాటి రావాలి. దారిలో చాలా పోతుంది. రెండూ ఒకే ఎత్తులో కనిపిస్తే ఇన్నర్ రేస్ పరిస్థితే ఎక్కువ పాడైందని నేను అనుకుంటాను. కేజ్ ఫ్రీక్వెన్సీ దానంతటది గట్టిగా కనిపిస్తే మాత్రం వేచి చూడను. కేజ్ విరిగితే హెచ్చరిక ఇచ్చే టైమ్ పెద్దగా ఉండదు.

ఎన్వలప్ ఎందుకంత ముఖ్యమో ఒకే పోలికతో చెబుతాను. గంటను సెకనుకు 86 సార్లు కొడితే చెవికి వినపడే స్వరం గంటది, 86 అన్నది కొట్టేవాడిది. గుంట మీద బాల్ పడినప్పుడు రేసు, హౌసింగ్ తమ సహజ స్వరంలో, అంటే కొన్ని వేల హెర్ట్జ్‌లో మోగుతాయి. మామూలు స్పెక్ట్రంలో ఆ స్వరం గుబురుగా కనిపిస్తుంది, ఎన్నిసార్లు కొట్టారో తెలియదు. ఎన్వలప్‌లో ముందుగా కింది ఫ్రీక్వెన్సీలను వడకట్టి ఆ పై పట్టీని మాత్రమే ఉంచుతారు. తర్వాత సంకేతం అంచును గీసి, ఆ అంచుకు ఎఫ్‌ఎఫ్‌టీ (సంకేతాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) చేస్తారు. అప్పుడు కొట్టే లెక్క బయటపడుతుంది. ఏ పట్టీ ఎంచుకున్నారన్నదే ఇక్కడ కీలకం. 500 నుంచి 10,000 హెర్ట్జ్ పట్టీతో మొదలుపెట్టడం మామూలు. మెరుగ్గా కావాలంటే యాక్సిలరేషన్ స్పెక్ట్రంలో ఎక్కడ గుబురు లేచిందో చూసి అక్కడే పట్టీ పెట్టండి. కర్టోసిస్ (సంకేతంలో పదునైన దెబ్బలు ఎంత ఉన్నాయో చెప్పే సూచీ) ఆధారంగా పట్టీని తనే వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంకా నయం. పంపు కావిటేషన్ చేస్తుంటే, అంటే లోపల ఆవిరి బుడగలు పుట్టి పగులుతుంటే, పై ఫ్రీక్వెన్సీలన్నీ ఒక్కసారిగా పెరిగి ఎన్వలప్ అడుగు లేస్తుంది. దాంట్లో స్పష్టమైన పీక్ లేకపోతే బేరింగ్‌ను అనుమానించే ముందు సక్షన్ వైపు చూడండి.

సెన్సర్ ఎలా పెట్టారన్నది దీనికంటే ముఖ్యం. చేత్తో పట్టుకున్న ప్రోబ్ సుమారు 1000 హెర్ట్జ్ దాటితే నమ్మదగ్గది కాదు. మాగ్నెట్ అయితే ఉపరితలాన్ని బట్టి కొన్ని వేల హెర్ట్జ్ దాకా వస్తుంది. పెయింట్ పొర మీద, వంకర చోట పెడితే అదీ తగ్గిపోతుంది. స్టడ్‌తో బిగిస్తే 10,000 దాకా హాయిగా చూడొచ్చు. మాగ్నెట్‌ను టక్‌మని వదలకుండా ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చండి. సెన్సర్ బేరింగ్ హౌసింగ్ మీద, లోడు పడే వైపుకు వీలైనంత దగ్గరగా ఉండాలి. వెనక ఫ్యాన్ కవర్ మీద పెట్టిన రీడింగ్ ఎందుకూ పనికిరాదు, అది రేకు మోత. ప్రతిసారీ అదే చోట, అదే దిశలో, అదే లోడు మీద తీయండి. చోటు చుట్టూ మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి.

అనలైజర్ సెట్టింగ్: మీ మోటారుకు ఎన్వలప్ స్పెక్ట్రం 1000 హెర్ట్జ్ దాకా, 1600 లైన్లు చాలు. లైన్ల మధ్య దూరం 0.625 హెర్ట్జ్, డేటా తీయడానికి 1.6 సెకన్లు. సైడ్‌బ్యాండ్‌లు విడివిడిగా కనిపించడానికి ఇది సరిపోతుంది. నెమ్మదిగా తిరిగే షాఫ్ట్‌లకు మాత్రం ఈ లెక్క చెల్లదు. నిమిషానికి 30 చుట్లు తిరిగేదానికి పది చుట్లు పట్టుకోవాలన్నా 20 సెకన్లు కావాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఎన్నాళ్లు? వైబ్రేషన్ తేదీ చెప్పదు. చెప్తానన్న సాఫ్ట్‌వేర్‌ను అనుమానంగా చూడండి. అది చెప్పేది దశ. మొదట అల్ట్రాసోనిక్ స్థాయిలో, 20,000 హెర్ట్జ్ పైన మాత్రమే తేడా తెలుస్తుంది. తర్వాత బేరింగ్ భాగాల సహజ ఫ్రీక్వెన్సీలు మోగడం మొదలవుతుంది. మూడో దశలో లోపం ఫ్రీక్వెన్సీ, దాని హార్మోనిక్స్ మామూలు వెలాసిటీ స్పెక్ట్రంలో కూడా కనిపిస్తాయి. చివరికి గుంటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, విడి పీక్‌లు మాయమై, అడుగు మొత్తం లేస్తుంది, 1ఎక్స్ కూడా పెరుగుతుంది. మీ పీక్‌లు ఎన్వలప్‌లోనే కనిపించి వెలాసిటీ స్పెక్ట్రంలో ఇంకా లేకపోతే రెండో దశ చివర, మూడో దశ మొదట్లో ఉన్నట్టు. వెలాసిటీ స్పెక్ట్రంలోనూ 86 దగ్గర కనిపిస్తుంటే వచ్చే షట్‌డౌన్‌కే మార్చేయండి.

ఈ మధ్యలో ఒక మోసం ఉంది. గుంట కొత్తగా ఉన్నప్పుడు అంచులు పదునుగా ఉండి దెబ్బలు గట్టిగా పడతాయి. క్రెస్ట్ ఫ్యాక్టర్ (గరిష్ఠ విలువకు, ఆర్‌ఎంఎస్‌కు ఉన్న నిష్పత్తి) పెరుగుతుంది, మంచి బేరింగ్‌లో 3 దగ్గర ఉండే కర్టోసిస్ బాగా పైకి వెళ్తుంది. బాల్స్ ఆ అంచులను తొక్కి తొక్కి నున్నగా చేశాక, గుంటలు ఎక్కువయ్యాక ఈ రెండూ మళ్లీ కిందికి దిగుతాయి. గ్రాఫ్ దిగిందని ‘అమ్మయ్య, తగ్గింది’ అనుకుంటారు. బేరింగ్ తనంతట తాను బాగుపడదు. ఈ సూచీలతో పాటు ఆర్‌ఎంఎస్ యాక్సిలరేషన్ కూడా పక్కపక్కనే గీసుకోండి. కర్టోసిస్ దిగుతూ ఆర్‌ఎంఎస్ ఎక్కుతుంటే పరిస్థితి ముదురుతున్నట్టే.

కాబట్టి మీ మోటారుకు నా సలహా: కొత్త బేరింగ్ ఇప్పుడే తెప్పించి పెట్టుకోండి. ఈ రాత్రికే మోటారు ఆపి విప్పాల్సిన పని లేదు. రెండు మూడు రోజులకొకసారి ఎన్వలప్ తీయండి. పీక్ ఎత్తు రెట్టింపైతే, హార్మోనిక్స్ వరుస పొడవైతే, వాటి చుట్టూ 24 హెర్ట్జ్ సైడ్‌బ్యాండ్‌లు కొత్తగా మొలిస్తే ముందే మార్చండి. స్టాండ్‌బై పంపు లేని చోట, ఆగితే పెద్ద నష్టం వచ్చే చోట నేనైతే ఇంత ఓపిక పట్టను. అనలైజర్ చూపించే ‘జీఈ’, డీబీ లాంటి విలువలను ఒక కంపెనీ మీటరుతో ఇంకో కంపెనీ మీటరును పోల్చకండి, ఒక్కొక్కరి వడపోత ఒక్కో రకం. అదే బేరింగ్ పాత రీడింగ్‌తో, పక్కన ఉన్న అలాంటి మోటారుతో పోల్చండి.

గ్రీజు ఎక్కించి చూడమని మీకు ఎవరో చెప్పారట. గ్రీజు నిప్పిల్ ఉన్న మోటార్లకు అది మంచి పరీక్షే. పై ఫ్రీక్వెన్సీ చప్పుడు తగ్గి అలాగే ఉండిపోతే లూబ్రికేషన్ లోపం, కొన్ని గంటల్లో తిరిగి వస్తే లోపల దెబ్బ తగిలినట్టు. కానీ మీ సైజు మోటారులో సాధారణంగా 2జెడ్, 2ఆర్‌ఎస్ రకం, అంటే రెండు వైపులా మూసిన బేరింగ్‌లు ఉంటాయి. వాటికి గ్రీజు ఎక్కించే దారే లేదు. ఉన్న చోట కూడా ఎక్కువ కొడితే వేడెక్కుతుంది.

మెషీన్ లెర్నింగ్ గురించి కూడా అడిగారు. సాధన చేయడానికి కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ వాళ్ల బేరింగ్ డేటా ఉచితంగా దొరుకుతుంది. అందులో 2 హెచ్‌పీ మోటారు, డ్రైవ్ ఎండ్‌లో మీదే బేరింగ్, 6205. ముందు దాని మీద ఎన్వలప్ కోడ్‌ను మీరే రాసి, పైన చెప్పిన లోపం ఫ్రీక్వెన్సీలు ఆ మోటారు వేగానికి లెక్కేసినట్టే వస్తున్నాయో లేదో చూడండి. మోడల్ సంగతి తర్వాత. ఆ లోపాలు విద్యుత్ మెరుపుతో కావాలని చేసినవి, కాబట్టి సహజంగా లేచే పెచ్చు కంటే శుభ్రంగా ఉంటాయి. ఒకే రికార్డింగ్‌ను ముక్కలు చేసి కొన్ని శిక్షణకు, కొన్ని పరీక్షకు వాడి 99 శాతం వచ్చిందని చెప్పే ఫలితాలను నేను పట్టించుకోను. మోడల్ నేర్చుకున్నది ఆ రికార్డింగ్‌నే అయి ఉండొచ్చు.

బేరింగ్ మార్చాక పాతదాన్ని పారేయకండి. కోసి రెండు రేసులూ చూడండి. ఒకే చోట పెచ్చు లేచి ఉంటే అలసట, లేదా లోడు ఎక్కువ. ఐఎస్‌ఓ 281 లెక్క ప్రకారం బాల్ బేరింగ్ ఆయుష్షు లోడు ఘనానికి విలోమంగా మారుతుంది. లోడు 26 శాతం పెరిగితే ఆయుష్షు సగమవుతుంది, రెట్టింపైతే ఎనిమిదో వంతే మిగులుతుంది. కప్లింగ్ అలైన్‌మెంట్ ఒకసారి చూసుకోవడం అందుకే. బాల్స్ మధ్య దూరంలోనే వరుసగా సొట్టలు ఉంటే బిగించేటప్పుడు సుత్తి దెబ్బ బాల్స్ మీదుగా వెళ్లి ఉంటుంది, లేదా చాలాకాలం ఆగి ఉన్న మోటారుకు పక్క యంత్రం కంపనం తగిలి ఉంటుంది. రేసు అంతా అడ్డగీతలతో గరుకు పలకలా కనిపిస్తే వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) నుంచి వచ్చే కరెంటు బేరింగ్ గుండా పోతోందని అర్థం. అప్పుడు షాఫ్ట్ గ్రౌండింగ్ బ్రష్ లేదా ఇన్సులేటెడ్ బేరింగ్ పెట్టాలి. లేదంటే కొత్తది కూడా అదే దారి పడుతుంది.

కొత్త బేరింగ్ వేశాక మోటారు మామూలు లోడు మీద కొన్ని గంటలు నడిచి, వేడి నిలకడకు వచ్చాక మొదటి రీడింగ్ తీసి పెట్టుకోండి. వెలాసిటీ, యాక్సిలరేషన్, ఎన్వలప్ మూడూ, అప్పటి అసలు వేగంతో సహా రాయండి. బేరింగ్ తయారీదారు పేరు, పూర్తి నంబరు కూడా అక్కడే రాసి ఉంచితే వచ్చేసారి బాల్స్ లెక్క కోసం వెతుక్కోనక్కర్లేదు.